నేను ఊరంతా పంచిన తీగ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఈమధ్య మా పాత ఆఫీసువాళ్లు పిలిచారు. మీ సర్వీసులో గొప్ప విజయం ఏదైనా ఒకటి చెప్పండి మేడం అని ముందే ఫోన్ చేసి మరీ అడిగారు. విజయాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు, వాళ్ల ఫోటోలు గోడల మీద కూడా ఉన్నాయి. నేను మాత్రం మొదటి ఏడాదిలో చేసిన తప్పు చెప్పాను. ఇచ్చిన అరగంటలో సగమే అయింది. మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా రేపు ఒక ఇంటి గడప ముందు నిలబడి, మీ పని గురించి కాస్త చెప్పండమ్మా అని అడగబోతుంటే ముందు ఇది చదివి వెళ్లండి.

మా ఉద్యోగానికి కాగితం మీద పెద్ద పేరుంది, స్థానిక ఆర్థికాభివృద్ధి అని. ఒక పేటలో ఏ చేతిపనులున్నాయో తెలుసుకోవాలి, వాటికి గిరాకీ పెంచాలి, ఆ పేట కష్టం ఆ పేటకే దక్కేలా చూడాలి. మా అమ్మకు ఇది చివరిదాకా అర్థం కాలేదు. "అయితే నువ్వు అమ్ముతావా, కొంటావా?" అనేది. రెండూ కాదమ్మా అంటే, "మరి జీతం ఎందుకిస్తున్నారే?" అనేది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే నా సర్వీసంతా గడిచిపోయింది.

మాది తెనాలి వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల హైదరాబాదులో పెరిగానే గానీ, గాజులు కొనుక్కోవడానికి తప్ప మూసీ దాటి ఎరగను. అలాంటిదాన్ని మొదటి పోస్టింగే పాతబస్తీలో వేశారు. మొఘల్‌పురాలో ఒక పాత ఇంటి మేడ మీద ఆఫీసు. మా సారు, ఇద్దరు గుమాస్తాలు, నేను, ఒక అటెండరు. ఆ అటెండరు అక్కడే పుట్టి అక్కడే తల నెరిసిన మనిషి. అన్నా అని పిలిచేదాన్ని. మొదటిరోజు నేను ఫైలు చంకలో పెట్టుకుని బయలుదేరుతుంటే మెట్ల మీద ఆపాడు.

"గా ఫైలు సంచిల పెట్టుండ్రి మేడం. చేతిల కాయితం చూస్తే కరెంటు కట్ చేస్తందుకు వచ్చిన్రనుకుంటరు. ఒక్కరు తలుపు తియ్యరు."

సంచిలో పెట్టుకున్నాను. తలుపులు తీశారు. ఆ ఒక్క సలహా నాకు ఆరు వారాల ట్రైనింగు కంటే ఎక్కువ పనికొచ్చింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తిరిగాను. నెలన్నరలో చెప్పులు రెండుసార్లు కుట్టించుకున్నాను. గల్లీ గల్లీ చూసుకుంటూ చివరికి జహనుమాలో ఒక ఇంటికి చేరాను. లోపల ఒక పొడవాటి గది. నేల మీద రెండు చెక్క చట్రాలు, వాటికి బిగించిన పట్టుబట్టలు, చుట్టూ కూర్చుని జరీ కుడుతున్న పదకొండుమంది ఆడవాళ్లు. మనం మగ్గం వర్క్ అంటామే, అదే. ఆ చట్రాన్ని వాళ్లు అడ్డా అంటారు. పొద్దున వంటలు ముగించుకుని వచ్చి, పిల్లలు బడి నుంచి వచ్చేవేళకు లేచిపోతారు. వాళ్లలో సగం మంది ఆ గల్లీ దాటి పనికి వెళ్లే వీల్లేనివాళ్లే. ఆ గది లేకపోతే వాళ్లకు పని లేదు.

ఆ ఇంటి పెద్దను అందరూ ఆపా అనేవారు, అంటే అక్క అని. యాభై ఐదు దాటి ఉంటాయి. కళ్లజోడు కాడ ఒకటి విరిగితే దారం కట్టుకుని పెట్టుకునేది. పక్కింటి తెలుగువాళ్ల మధ్య పెరిగింది కాబట్టి తెలుగు బాగానే వచ్చు.

"ఏం అడగనీకె వచ్చినవ్ బేటీ?" అంది.

"మీ పని గురించి తెలుసుకుందామని వచ్చానండీ."

"అండీ గిండీ ఒద్దు. ఆపా అను. కూసో. చాయ్ తాగుతవా?"

ఆ తర్వాత వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. ఒకరోజు పాత బిస్కెట్ల డబ్బా తీసి, అందులోంచి చుట్టలు చుట్టిన పల్చటి కాగితాలు చూపించింది. వాటిని ఖాకాలంటారు. డిజైను కాగితం మీద గీసి, గీత పొడుగునా సూదితో సన్నటి బెజ్జాలు పొడుస్తారు. కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి గుడ్డతో రుద్దితే, బెజ్జాల్లోంచి దిగి డిజైను బట్ట మీద పడుతుంది. ఆ గీత మీద జరీ కుడతారు. ఒకే ఖాకా ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఆపా దగ్గర తొమ్మిది ఉన్నాయి. అందులో ఒకటి వాళ్లమ్మ గీసిన తీగ. దుపట్టా అంచు చుట్టూ పాకి, నాలుగు మూలల్లోనూ నాలుగు రకాలుగా మలుపు తిరుగుతుంది. ఆ తీగ కావాలని పెళ్లివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ ఆ గడపకు వచ్చేవారు.

అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఇంత మంచి సంగతి ఒక బిస్కెట్ల డబ్బాలో పడి ఉండటమేమిటి? మర్నాడే మా సారుతో మాట్లాడాను. ఒక ఎగ్జిబిషన్ పెడదాం, డిజైన్లతో పుస్తకం వేద్దాం అన్నాను. సారు పొంగిపోయారు. జహనుమాకు పరిగెత్తాను.

"మీ పేరు నలుగురికీ తెలుస్తుంది ఆపా. పెద్ద పెద్దవాళ్లు వస్తారు. డిజైన్లు చూసి మీ దగ్గరికే వస్తారు" అన్నాను.

ఆపా డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అడ్డా దగ్గర పక్క గల్లీ నుంచి వచ్చే ఒక తెలుగామె ఉండేది. మాట కాస్త దురుసు. ఆమె తల ఎత్తకుండానే అంది.

"మస్తు సోంచాయించి ఇయ్యి ఆపా. సర్కారోళ్లు తీస్కపోయింది ఏదన్న మల్ల ఒచ్చిందా?"

"ఒక్క కాగితం చిరగకుండా తెచ్చిస్తాను" అన్నాను నేను, కాస్త ఉడుక్కుని.

"ఇవి ఎన్నడు ఇంట్లకెళ్లి బయటికి పోలె" అంది ఆపా. తర్వాత డబ్బా నా వైపు జరిపింది. "అమానత్ బేటీ. నిన్ను నమ్మి ఇస్తున్న."

ఎగ్జిబిషన్ బాగా జరిగింది. బాగా జరగడమే నా కొంప ముంచింది. ఖాకాలను హాల్లో కిటికీలకు వేలాడదీయించాను. ఎండ పడితే బెజ్జాలన్నీ వెలిగేవి, వచ్చినవాళ్లు అక్కడి నుంచి కదిలేవారు కాదు. పుస్తకంలో డిజైన్లను అసలు సైజులోనే వేయాలని పట్టుబట్టింది కూడా నేనే. మడతలు విప్పితే తీగ మొత్తం మలుపులతో సహా కనపడాలి. అడిగినవాళ్లందరికీ ఉచితం. పత్తర్‌గట్టి నుంచి ఒక పెద్ద బట్టల సేఠ్ వచ్చి ఆరు పుస్తకాలు అడిగితే, ఆయనకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి మరీ ఇచ్చాను. ఇక ముందుమాటలో ఆపా పేరు రాశానా? పాతబస్తీ మహిళల సౌజన్యంతో అని రాశాను. అలా రాయడమే ఆఫీసు పద్ధతి అన్నారు. సరేననుకున్నాను.

ఖాకాలు మాత్రం తొమ్మిదీ లెక్కపెట్టి, కొత్త గుడ్డలో చుట్టి తిరిగిచ్చేశాను. ఆపా నా తల మీద చెయ్యి పెట్టి దీవించింది. నేనిక మాట నిలబెట్టుకున్నట్టేనని ఇంటికి వెళ్లి కడుపునిండా తిన్నాను.

పెళ్లిళ్ల కాలం మొదలయ్యాక, ఎగ్జిబిషన్ ఫోటో ఒకటి ఫ్రేము కట్టించుకుని జహనుమా వెళ్లాను. గదిలో నలుగురే ఉన్నారు. రెండు అడ్డాల్లో ఒకదాన్ని విప్పి గోడకు నిలబెట్టి ఉంచారు. అడ్డా గోడకు ఆనించి ఉందంటే ఆ ఇంట పని లేదని. అప్పటికి ఆ మాత్రం నాకు తెలుసు. అయినా, "ఏంటి ఆపా, ఇవాళ సెలవా?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు చచ్చిపోతుంది.

తెలుగామె లేచి నిలబడింది. "సెలవు నువ్వే ఇచ్చినవ్ గద. పత్తర్‌గట్టికి పోయి సూడు పో. ఏ దుకాణంల సూసినా ఆపా అమ్మ తీగనే యాలాడుతున్నది. మీ పుస్తకం బట్ట మీద పరుచుకోని గీసుకుంటున్నరు."

"చుప్, ఇంటికొచ్చిన పిల్లను గట్ల అంటరా" అంది ఆపా. నాకు చాయ్ పోసి తెచ్చింది. నా ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పింది. "నువ్వు కాయితం తెస్తనన్నవ్, తెచ్చినవ్. నీ మాటల ఫరక్ లేదు. గని కాయితంల ఏమున్నది బేటీ? గా తీగ కావాల్నంటే ఇన్నేండ్లు ఈ గడపకే రావాలె. ఇప్పుడెందుకొస్తరు?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"ఇయ్యాల రానోళ్లల్ల నలుగురు సేఠ్ కార్ఖానాకు పోతమంటున్నరు. జుమ్మాదాక ఆగుండ్రన్న. నలుగురు పోతే నా అడ్డా కూడ నడ్వదు. బయటికి పోరానోళ్లు ఏం గావాలె?"

కాగితం తిరిగిచ్చాను, గీతను మాత్రం ఊరంతా పంచిపెట్టాను. ఆ ఫ్రేమును సంచిలోంచి తీయకుండానే లేచి వచ్చేశాను. ఫలక్‌నుమా స్టేషను దాకా నడుస్తూ ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. నలుగురిలో మంచిపేరు కోసం, నాకు అన్నం పెట్టినట్టు చాయ్ పోసిన మనిషి ఆస్తిని నేనే పంచేశాను.

మా సారుతో చెబితే ఆయన తేలిగ్గా తీసుకున్నారు. చెడ్డమనిషి కాదు, ఆఫీసుకు అలవాటుపడ్డ మనిషి. "మన డిజైన్లు అంతమంది వాడుతున్నారంటే పథకం సక్సెస్ కదమ్మా? అదే రాయి రిపోర్టులో" అన్నారు.

"రాయలేను సార్" అన్నాను. ఉద్యోగంలో చేరాక నేను కాదన్న మొదటి మాట అదే.

"మరేం రాస్తావు?"

"ఇంకా తెలియదు సార్. ఆపా వాళ్లను శుక్రవారందాకా ఆగమంది. ఆ తర్వాత రాస్తాను."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే అటెండరన్న పక్కన కూర్చున్నాడు. గోడలకు చెవులున్న ఆఫీసు, ఆయనకు అన్నీ తెలుసు. "తప్పు అయితది మేడం. మన ఆఫీసుల తప్పులు మస్తు అయినయ్. గని తప్పయినంక మల్ల గదే ఇంటికి పోయినోళ్లను నేనైతే చూడలె" అన్నాడు.

ఆయన నన్ను ఓదార్చాలనే అన్నాడేమో. నాకు మాత్రం రోషం వచ్చింది. అయితే చూద్దువుగానిలే అన్నా, అనుకున్నాను.

మర్నాడు బుధవారం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆయన్ను వెంటబెట్టుకుని పత్తర్‌గట్టిలో దుకాణం దుకాణం తిరిగాను, ఇచ్చిన పుస్తకాలు తిరిగి ఇప్పించమని. కొందరు నవ్వి ఇచ్చేశారు. ఒకాయన లేదన్నాడు. ఒక చోట ఆ పేజీల్లోనే జాకెట్టు ముక్క చుట్టి ఎవరికో ఇస్తుంటే నా కళ్లతో చూశాను. చివరికి సేఠ్ దుకాణం. ఆయన తాతల కాలం నుంచీ అక్కడే వ్యాపారం. తెల్లటి పరుపు మీద బాలీసుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. వెనక గోడ మీద మూడు దుపట్టాలు, మూడింటి మీదా ఆపా తీగ.

"పుస్తకాలు వాపస్ కావాల్నా?" అన్నారు. "మీరే ఇచ్చిన్రు గద మేడం. చాయ్ తాపించి ఇచ్చిన్రు."

"తప్పు చేశానండీ. అవి నేను ఇవ్వాల్సినవి కావు."

ఆయన ఆరు పుస్తకాలూ తెప్పించి నా ముందు పెట్టారు. "తీస్కపోండ్రి. గని నా దగ్గర కుట్టెటి కారీగర్లు నేర్చుకున్నది ఎట్ల తీస్కపోతరు?"

పుస్తకాలు సంచిలో సర్దుకున్నాను. లేచి రాబోతుంటే ఆయనే మళ్లీ అన్నారు. "నాకు మాత్రం ఏం ఫాయిదా అయ్యింది చెప్పుండ్రి. పక్క దుకాణంల గిదే తీగ, ఎదురుంగ గిదే తీగ. గిరాకి వచ్చుడు, అంతట గిదే ఉన్నదని ముఖం తిప్పుకోని పోవుడు. ఒక్క ఇంట్ల ఉన్నప్పుడే దానికి ఇజ్జత్ ఉండె." దుపట్టాల వైపు చూసి తల ఊపారు. "గా ఆపా కొత్తది ఏమన్న గీస్తదా? ఎవ్వరి దగ్గర లేనిది? అడుగుండ్రి."

ఎందుకు గీయదు, గీస్తుంది అనబోయాను. నోటిదాకా వచ్చింది. అంతకుముందు కూడా ఆపా తరఫున నేనే అన్నీ ఒప్పేసుకున్నాను కదా. నాలుక కరుచుకున్నాను. "అడిగి చెప్తానండీ" అన్నాను. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే ఉంటే, అది ఆ రెండు ముక్కల మాటే.

సాయంత్రమే జహనుమా వెళ్లాను. ఈసారి బతిమాలలేదు, ఆశలు పెట్టలేదు. సేఠ్ అన్నది అన్నట్టు చెప్పి ఊరుకున్నాను. ఆపా చేతిలోని సూదిని బట్టకు గుచ్చి పెట్టింది. తర్వాత మిగతావాళ్లను పిలిచి మాట్లాడుకుంది. నన్ను గుమ్మం బయట కూర్చోమంది. కూర్చున్నాను.

"ఖాకా ఈ ఇల్లు దాటదు" అంది బయటికొచ్చి. "బట్ట ఇంటికే రావాలె. డిజైన్ కుట్టినంకనే చూస్తడు, ముందుగాల కాదు. పని ఎవ్వరిదంటే ఆపా ఇంటిదని చెప్పాలె. మాట్లాడెతందుకు సేఠే రావాలె, వాని మనిషి కాదు."

"చెప్తాను ఆపా."

"ఇంకోటున్నది. రేపు పొద్దుగాల నువ్వు రావాలె. నేను గీస్త, నువ్వు పొడువు."

"నాకు రాదు ఆపా."

"వస్తది. మా ఇండ్లల్ల ఒక రివాజు ఉన్నది బేటీ. ఖాకా ఎవరు పొడుస్తరో వాళ్ల నోటికి కుట్టు పడ్డట్టే. అండ్ల ఏమున్నదో ఇంక యాడ చెప్పరాదు. నువ్వే పొడవాలె."

ఆ రాత్రే దుకాణానికి వెళ్లి, మాట్లాడటానికి శుక్రవారం మీరే రావాలట అని సేఠ్‌కి చెప్పి, గురువారం ఆఫీసుకు సెలవు పెట్టాను. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే మధ్యాహ్నం దాటేదాకా లేవలేదు. ఆపా పెన్సిలుతో గీస్తూ పోతోంది, ఆమె వెనకే నా సూది. బెజ్జం మరీ పెద్దదైతే పొడి పాకిపోతుంది, చిన్నదైతే దిగదు. దగ్గరగా పొడిస్తే కాగితం చిరుగుతుంది. రెండు చోట్ల చించాను. ఆపా వెనక కాగితం ముక్క అంటించి మళ్లీ పొడవమంది. వేళ్లు వాచిపోయాయి, నడుం పట్టేసింది. తెలుగామె ఆపుకోలేక నవ్వింది. "గన్ని సదువులు సదివినవ్, సూది పట్టరాదా?" అంది. కానీ మధ్యలో నా ముందు అన్నం పళ్లెం పెట్టింది కూడా ఆమే. పప్పులో చింతకాయ తొక్కు కలుపుకుని ఎడమచేత్తో కాగితం నొక్కిపట్టుకునే తిన్నాను. లేస్తే మళ్లీ కూర్చోలేనని భయం. ఈ పని సరిగ్గా చెయ్యకపోతే నాకు ఈ ఉద్యోగం వద్దు అని ఆ పళ్లెం ముందు అనుకున్నాను. అది గొప్పకు చెప్పడం లేదు, నిజంగానే అనుకున్నాను.

కాగితం పూర్తయ్యాక దాంతో ఒక మూల అచ్చు దించుకుని, ఆపా, మరో ఇద్దరు కూర్చుని అరచెయ్యంత ముక్క మీద కుట్టారు. రేపు సేఠ్‌కి చూపించేది అంతే అన్నారు.

శుక్రవారం సేఠ్ రిక్షా దిగి ఆ గల్లీలోకి నడిచి వచ్చారు. అన్నేళ్లుగా ఆ ఇంటి పని మధ్యవాళ్ల ద్వారా కొంటున్నారు గానీ ఆ గడప తొక్కింది అదే మొదటిసారట. గుమ్మం బయట స్టూలు వేశాం. పరదా వెనక నుంచి ఆపా షరతులు చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"చూడకుంట మాల్ తీసుకునుడు మా ఖాన్‌దాన్‌ల లేదమ్మా."

"నన్ను నమ్మండి" అన్నాను నేను మధ్యలో.

"మిమ్మల్ని నమ్మినందుకే గద మేడం ఇంత లొల్లి" అన్నారాయన. పరదా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. 

అప్పుడు పరదా కింద నుంచి ఆపా చెయ్యి ఆ ముక్కను ముందుకు జరిపింది. సేఠ్ జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. ముక్కను వెలుతురుకు పట్టారు, వెనక్కి తిప్పి ముళ్లు చూశారు, గోటితో జరీ గీకి చూశారు.  చివరికి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"బట్ట రేపు పంపిస్త. ముందుగాల ఒకటే. బాగుంటే మిగిలినయ్" అన్నారు.

ఆయన వెళ్లిపోయాక లోపల గోడకు నిలబెట్టిన అడ్డాను ఇద్దరు పట్టుకుని దించారు. కర్ర నేలకు తగిలిన చప్పుడు గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది.

అంతా సుఖాంతమని అనుకోకండి. కార్ఖానాకు వెళతామన్న నలుగురిలో ఇద్దరు, మాట ఇచ్చేశామని వెళ్లిపోయారు. తన అమ్మ గీసిన తీగను ఆపా మళ్లీ ఎప్పుడూ కుట్టలేదు. ఎవరైనా అడిగితే, బజార్ల దొరుకుతది పొమ్మనేది. ఆ మాట నా ముందు అన్నప్పుడల్లా నేను తల దించుకున్నాను. అయితే ఆ కొత్త ఖాకా ఆ గదిని నిలబెట్టింది. ఇప్పటికీ అక్కడ అడ్డాలు నడుస్తున్నాయి.

రిపోర్టు రాశాను. మొదటి వాక్యమే, ఈ పుస్తకం వేయడం పొరపాటు, బాధ్యత నాది అని. మా సారు దాన్ని వారంపాటు బల్ల మీద ఉంచుకుని, చివరికి అంచున 'చూశాను' అని రాసి సంతకం పెట్టారు. ఆ సంతకానికి ఆయనకు ఎంత ధైర్యం కావలసివచ్చిందో నేను ఆ కుర్చీలో కూర్చున్నాక గానీ తెలియలేదు. ఆ తర్వాత మా ఆఫీసు ఏ ఇంటి డిజైనునూ ఇంటివాళ్ల పేరు లేకుండా, వాళ్లను అడగకుండా గోడకెక్కించలేదు. అటెండరన్న రిటైరైన రోజున, "మల్ల పోయినోళ్లను ఒక్కర్ని చూసిన" అని అందరి ముందూ అన్నాడు. నాకు వచ్చిన మెడల్ అదొక్కటే.

ఆపా పోయాక వాళ్ల కోడలు నాకు ఆ ఖాకా పంపించింది. అప్పటికి వాళ్లు కొత్తవి గీసుకున్నారు. దీన్ని పొడిచినామె దగ్గరే ఉంచమని ఆపా చెప్పిందట. నేను చించిన రెండు చోట్లా అంటించిన ముక్కలు అలాగే ఉన్నాయి.

మొన్న నా మాటలు ముగిశాక ఒక కొత్త ఆఫీసరమ్మాయి నా దగ్గరకు వచ్చింది. చురుకైన పిల్ల, కళ్లలో నా అప్పటి ఉత్సాహమే ఉంది, చేతిలో ఫోను ఉంది. మేము పుస్తకం వేసి నెలల్లో చేసిన తప్పును ఇప్పుడు దాంతో ఒక్క నిమిషంలో చెయ్యొచ్చు. "ఆ ఖాకా ఫోటో ఒకటి ఇవ్వండి మేడం, మా ట్రైనింగులో చూపిస్తాం" అంది.

"కుదరదమ్మా" అన్నాను.

"పోనీ అందులో ఏముందో చెప్పండి. పువ్వా, పిట్టా?"

"ముందు ఆ ఫోను సంచిలో పెట్టు" అన్నాను.

పెట్టింది. అయినా చెప్పలేదు.